దశమభాగం ఇస్తున్నాను, కౌంటు తప్పు రాస్తున్నాను

ప్రశ్న: అయ్యా, వందనాలు. మాది నెల్లూరు జిల్లా అల్లూరు వైపు ఒక పల్లె. మా ముత్తాత నాటి నుంచి బాప్టిస్టు సంఘస్తులం. నేను చాలా ఏళ్లుగా ఒక రొయ్యల వ్యాపారి దగ్గర సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. రైతుల గుంటల్లో పట్టుబడి, అంటే రొయ్యలు పట్టే పని, జరిగేటప్పుడు శాంపిలు తీసి కౌంటు వేసేదీ, కాటా రాసేదీ నేనే. కౌంటు నాలుగైదు పెంచి రాయమని మా యజమాని చెబుతాడు, రాస్తున్నాను. ఆయన కూడా విశ్వాసే, మా మందిరం స్లాబుకు అందరికంటే ఎక్కువ ఇచ్చాడు. నేను జీతంలో దశమభాగం తప్పకుండా ఇస్తాను, శుక్రవారం ఉపవాసం ఉంటాను, పిల్లలకు సండే స్కూలు చెబుతాను. మొన్న మా సంఘంలోనే ఉన్న ఒక కౌలురైతుకు యాభై కౌంటు సరుకును యాభై అయిదుగా రాశాను. ఆ ఆదివారం ఆయన నా పక్కనే కూర్చుని ప్రభు బల్ల తీసుకున్నాడు. అప్పటి నుంచి నాకు ప్రార్థన సాగడం లేదు. పాస్టరు గారితో చెబితే, ఉద్యోగం లోకానికి సంబంధించినదనీ, గుంట దగ్గర గంగమ్మ పూజలో ప్రసాదం మాత్రం తినవద్దనీ, మిగతాది ప్రార్థనలో పెట్టమనీ అన్నారు. నా భార్య పిల్లల ఫీజులు గుర్తు చేస్తున్నది. నేను ఉద్యోగం మానేయాలా? నా దశమభాగం దేవుడు అంగీకరిస్తాడా? ఆ రైతుకు చెప్పాలా? సంఘం ముందు సాక్ష్యంగా ఒప్పుకోవాలా? నేను వేషధారినేనా?
– పేరు రాయవద్దని కోరిన పాఠకుడు

సమాధానం: సోదరుడా, వందనాలు. మీ ప్రశ్నల్లో చివరిదాన్ని ముందు తీసుకుంటాను, ఎందుకంటే మిగతావన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి. సువార్తల్లో యేసు వేషధారులని పిలిచినవాళ్లు విధవరాండ్ర ఇళ్లు దిగమింగుతూనే దీర్ఘ ప్రార్థనలు చేశారు. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతున్నాయన్న అనుమానం వాళ్లకు ఎన్నడూ కలిగినట్టు కనబడదు. మీకు కలిగింది, కాబట్టి ఆ పేరు మీకు పూర్తిగా అతకదు. అయితే ఈ మాట విని ఊరట చెంది ఊరుకుంటే అది అతికే రోజు ఎంతో దూరంలో ఉండదని కూడా చెప్పాలి. మీ మనసులోని బాధ మీకు మేలే చేసి ఉండవచ్చు, ఆ కౌలురైతుకు మాత్రం దానివల్ల ఒక్క రూపాయి తిరిగి రాలేదు. తమ విశ్వాసం నిజమైనదా కాదా అని పరీక్షించుకునేవాళ్లు సాధారణంగా తమ ప్రార్థన ఎంత వేడిగా ఉన్నదో, పాట పాడేటప్పుడు కళ్లు చెమ్మగిల్లుతున్నాయో లేదో చూసుకుంటారు. మీరు తెరిచి చూసుకోవలసింది కాటా పుస్తకాన్ని.

రొయ్యల వ్యాపారం తెలియని పాఠకుల కోసం కొంత వివరించాలి. వనామీ రొయ్యను కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క మీద కొంటారు. దానినే కౌంటు అంటారు. కిలోకు ముప్పై తూగితే పెద్ద రొయ్య, మంచి ధర వస్తుంది. వంద తూగితే చిన్న రొయ్య, ధర బాగా తక్కువ. మధ్యలో కౌంటు పెరిగేకొద్దీ ధర మెట్లుమెట్లుగా దిగుతుంది. పట్టుబడి సమయంలో కొంత శాంపిలు తూచి, లెక్కపెట్టి, ఆ అంకెను సరుకు మొత్తానికి వర్తింపజేస్తారు కాబట్టి శాంపిలులో అయిదు రొయ్యలు ఎక్కువ చూపితే నష్టం అయిదు రొయ్యలతో ఆగదు. యాభై కౌంటుకూ యాభై అయిదు కౌంటుకూ మధ్య కిలోకు 15 రూపాయల తేడా ఉన్నదనుకుందాం. రెండు టన్నుల సరుకు మీద అది 30,000 రూపాయలు అవుతుంది. గుంట కౌలు, సీడు ఖర్చు, మేత డీలరు బాకీ, ఏరేటర్ల కరెంటు బిల్లు, రాత్రి కాపలా మనిషి జీతం అన్నీ పోగా కౌలురైతుకు మిగిలే సొమ్ము అంత ఉంటుందో ఉండదో మీకు నాకంటే బాగా తెలుసు.

ఆయన కాదనలేని స్థితిలో ఉండగా ఈ పని జరుగుతున్నదన్నది మరింత ఆలోచించవలసిన సంగతి. నీళ్లు దించి వల లాగిన తర్వాత ఆ సరుకు ఆగదు. తెల్లవారుజామున గట్టు మీద ఐసు కరుగుతూ ఉండగా, ఇష్టం లేకపోతే బండి వెనక్కి తిప్పుకొని వెళతామని మీ తరఫువాళ్లు ఒక్క మాట అంటే రైతు నోరు మూసుకుంటాడు. మీరు రాసిన అంకె నమ్మి ఒప్పుకున్నాడో, గత్యంతరం లేక ఒప్పుకున్నాడో మీరు ఉత్తరంలో రాయలేదు. నాకైతే రెండోదే అయి ఉంటుందనిపిస్తున్నది. రైతులందరూ సత్యసంధులని నేననడం లేదు. శాంపిలుకు పెద్ద రొయ్యలను ఏరి ముందుకు తోసేవాళ్లూ, ట్రేలో నీళ్లు కారకముందే కాటా మీద పెట్టించేవాళ్లూ ఉన్నారు, దానికి వాళ్లు జవాబుదారులు. ఈ రైతు అలాంటివాడని మీరు చెప్పలేదు కనుక ఆ వాదం ఇక్కడ మనకు అక్కరకు రాదు.

ఇక మీ పాస్టరు గారి మాట. ఆయన మీద గౌరవం తగ్గించుకొమ్మని నేను చెప్పను. స్లాబుకు పెద్ద చందా ఇచ్చిన మనిషిని తప్పుపట్టవలసి వచ్చినప్పుడు ఏ కాపరికైనా నోరు తడబడవచ్చు. అయినా ఉద్యోగం లోకానికి సంబంధించినదనీ, మందిరం దేవునికి సంబంధించినదనీ గీత గీయడానికి బైబిలులో ఆధారం దొరకదు. ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయం ఒకే సంచిలో రెండు రకాల తూకపు రాళ్లు ఉంచుకోవడాన్ని దేవునికి హేయమైన పనిగా చెబుతుంది. దొంగత్రాసు యెహోవాకు హేయము అని సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదటి వచనం ఏ మొహమాటమూ లేకుండా అంటుంది. నా దృష్టిలో వీటన్నిటికంటే మీ సంగతికి దగ్గరగా ఉన్నది ఆమోసు గ్రంథం 8వ అధ్యాయం. అక్కడ ప్రవక్త తప్పుపట్టిన వర్తకులు విశ్రాంతి దినాన్ని మీరినవాళ్లు కారు. ఆ రోజు కొట్టు మూసి ఉంచేవాళ్లే, అది ఎప్పుడు ముగుస్తుందా, కొలపాత్రను చిన్నది చేసి, తూకపు రాయిని బరువు చేసి, పేదలకు ధాన్యం ఎప్పుడు అమ్ముదామా అని ఎదురుచూసేవాళ్లు. ఆచారంలో వాళ్లను వేలెత్తి చూపడానికి ఏమీ లేదు, వాళ్ల చేతిలోని కొలపాత్రే దేవునికి కోపం తెప్పించింది. మన సంఘాల్లో ఆమోసు మీద ప్రసంగాలు అరుదుగా వినబడడానికి కారణం ఉండే ఉంటుంది.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల క్రైస్తవ చరిత్ర కూడా ఆ గీతను ఒప్పుకోదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చి పని మొదలుపెట్టాక పాతికేళ్ల పాటు ఇక్కడి సంఘం గుప్పెడు మందితోనే ఉండిపోయింది. ఈ మిషను మూసివేద్దామా అని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, తోలు పనితో బతికే మనిషి, బాప్తిస్మం పొంది ఒంగోలుకు పడమటి పల్లెల్లో బోధించడంతో కదలిక మొదలైంది. ఆనాటి కొత్త విశ్వాసులు పాటించవలసిన నియమాలుగా మూడింటిని చెప్పేవారు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇవి మందిరం గోడల మధ్య పాటించి బయటికి వచ్చి మరచిపోయే నియమాలు కావు. ఆదివారం పనికి రామనీ, జాతరలో డప్పు కొట్టబోమనీ చెప్పవలసింది తమకు గింజలు కొలిచే ఆసాములతోనే. అలా చెప్పినందుకు ఎన్నో ఊళ్లలో వాళ్లకు వేధింపులు ఎదురయ్యాయి, పనులు పోయాయి. ఏ వెలా లేకుండా విశ్వాసిగా ఉండవచ్చని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, వాళ్లు అనుకోనూ లేదు.

ఆ తర్వాత జరిగినదాన్ని ప్రత్యేకంగా మీకోసమే చెబుతున్నాను. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన కరువులో, ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైబడిన భాగాన్ని గుత్తకు తీసుకొని, కరువు బాధితులకు కూలి పని కల్పించాడు. పర్యవేక్షకులుగా తన బోధకులనే నిలబెట్టాడు. కూలీల పని చూడడం, కొలతలు చూసుకోవడం, కూలి సరిగా అందేలా చూడడం వాళ్ల బాధ్యత. అంటే ఇవాళ గుంట గట్టు మీద మీరు చేసే పని వంటిదే. పని మధ్యలో విశ్రాంతి దొరికినప్పుడు ఆ బోధకులే కూలీల మధ్య కూర్చుని సువార్త చెప్పేవారు. పగలంతా కొలతలో మోసం చేసిన మనిషి సాయంత్రం చెట్టు కింద చెప్పే మాటను ఆకలితో ఉన్న కూలీ ఎందుకు వింటాడు? కరువు పని సాగినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఇవ్వలేదు. కూలి కోసమో గింజల కోసమో జనం సంఘంలో చేరారన్న మాట రాకూడదని ఆపాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ వేలమందీ ఒకే ఉద్దేశంతో వచ్చారని ఎవరూ ప్రమాణం చేయలేరు. కులం పేరిట పడుతున్న అవమానం నుంచి బయటపడాలన్న తపన కూడా చాలామందిని నడిపించి ఉంటుంది, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. కాని లాభం ఉన్నప్పుడు తలుపు మూసి, లాభం పోయాక తెరిచిన ఆ జాగ్రత్త, కొలత బద్ద పట్టుకున్న బోధకుడు మనిషి మనిషికీ చూపిన న్యాయం, ఈ రెండూ లేకుండా ఈ ప్రాంతంలో మన సంఘాల పేరు ఈనాడు ఉన్నట్టుగా ఉండేది కాదని నా నమ్మకం. ఆ కాలువ మీ తీరం వెంబడే పోతున్నది. మీరు కౌంటు వేసే గుంటలు కొన్ని దానికి కూతవేటు దూరంలోనే ఉండి ఉంటాయి.

ప్రసాదం గురించి పాస్టరు గారు చెప్పినదాన్ని మీ మనస్సాక్షికి వదిలేస్తాను. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలు చదువుకొని నిర్ణయించుకోండి. తినకపోతే మర్యాదగా, ఎవరినీ కించపరచకుండా తప్పుకోండి. గట్టు మీద ప్రసాదం వద్దన్న చేతితోనే పది నిమిషాల తర్వాత తప్పు కౌంటు రాస్తే, దోమను వడగట్టి ఒంటెను మింగడమని యేసు చెప్పినది అదే.

ఉద్యోగం మానేయాలా అన్న ప్రశ్నకు లూకా సువార్త 3వ అధ్యాయంలో సూటిగా సమాధానం ఉన్నది. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవాళ్లు, వచ్చి, మేమేమి చేయాలని అడిగారు. ఆ రోజుల్లో ఆ ఉద్యోగానికున్నంత చెడ్డపేరు మరి దేనికీ లేదు. అయినా యోహాను ఉద్యోగం వదలమనలేదు. మీకు నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులు అడిగితే ఎవరినీ బెదిరించి డబ్బు గుంజవద్దనీ, జీతంతో తృప్తిపడమనీ చెప్పాడు. కాబట్టి రాజీనామా కాగితంతో మొదలుపెట్టవద్దని నా సలహా. రేపటి పట్టుబడికి వెళ్లండి, కౌంటు ఉన్నది ఉన్నట్టు రాయండి. ట్రేల పైనుంచి ఒకసారి, అడుగునుంచి ఒకసారి, మధ్యనుంచి ఒకసారి శాంపిలు తీయండి, రైతునే లెక్కపెట్టమనండి, మీరూ లెక్కపెట్టండి, వచ్చిన అంకె చీటీ మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఇది ఎవరి మీదా తిరుగుబాటు కాదు, మీ ఉద్యోగానికి అసలు అర్థం ఇదే.

ఆ పని చేయడానికి ముందే యజమానితో మాట్లాడాలి, చాటున తప్పించుకోవడం కుదరదు. ఆయన విశ్వాసి కనుక మత్తయి సువార్త 18వ అధ్యాయంలో చెప్పిన పద్ధతే మీకు దారి: సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా వెళ్లి చెప్పాలి. సంఘ పెద్దల దగ్గర, వాట్సాప్ గ్రూపులో, టీ కొట్టు దగ్గర కాదు. ఆయన ఏమంటాడో ఊహించడం కష్టం కాదు. అందరూ ఇంతే చేస్తున్నారంటాడు. ప్రాసెసింగ్ ప్లాంటులో మనకు కోత పెడుతున్నారు, ఆ కోత మనమెక్కడి నుంచి తేవాలి అంటాడు. మొదటి మాటకు జవాబు అక్కర లేదు. రెండోదానిలో నిజం ఉండవచ్చు, దాన్ని తీసిపారేయకండి. ప్లాంటువాళ్లు కోత పెడితే ఆ మేరకు కిలోకు ఇంత తగ్గించి కొంటామని రైతుకు ముందే చెప్పవచ్చు. ఇష్టమైతే అమ్ముతాడు, లేకపోతే నీళ్లు దించకముందే వేరే కొనుగోలుదారుణ్ణి వెతుక్కుంటాడు. ధర తగ్గించి అడగడం వ్యాపారం, కౌంటు మార్చి రాయడం దొంగతనం. ఈ తేడాను యజమానికి శాంతంగా, ఎదురు కూర్చుని చెప్పండి. మీరు చాలా ఏళ్లు ఆయన చెప్పినట్టు చేసిన మనిషి కాబట్టి, ఆయనకంటే నీతిమంతుణ్ణన్న ధోరణి మీ గొంతులో వినిపించకూడదు.

ఆయన ఒప్పుకోకపోతే రెండు సంగతుల్లో ఒకటి జరుగుతుంది: మిమ్మల్ని కాటా దగ్గర నుంచి మార్చి వేరే పని చెబుతాడు, లేదా పంపించివేస్తాడు. మొదటిదే జరిగి, మీ స్థానంలో వచ్చిన మనిషి తప్పు కౌంటు రాయడం మీ కళ్లెదుటే సాగితే, అప్పుడు కొత్త ఉద్యోగం వెతుక్కోండి. అది దొరికేవరకూ మీరు మాత్రం రాయకండి. పట్టుబడి చేయించడం, సరుకు నాణ్యత చూడడం, రైతులతో మాట్లాడడం తెలిసిన మనిషికి మీ తీరంలో మేత కంపెనీలూ హేచరీలూ ప్రాసెసింగ్ ప్లాంటులూ ఉన్నాయి. జీతం మొదట తగ్గవచ్చు. ఈ పంట అయ్యాక చూద్దాం, పిల్లవాడి పదో తరగతి అయ్యాక చూద్దాం అని మాత్రం గడువులు పెట్టుకోకండి. నేను రాయకపోతే ఇంకొకడు రాస్తాడు కదా అన్న ఆలోచన కూడా వస్తుంది. రాయవచ్చు. దానికి లెక్క చెప్పవలసినవాడు అతడు.

మీ భార్య ఫీజులు గుర్తు చేసినందుకు ఆమెను అవిశ్వాసురాలిగా చూడకండి. సాక్ష్యాల్లో భర్త విశ్వాసవీరుడు, భార్య అడ్డుపుల్ల అన్న కథ మనం తరచుగా వింటాం, నాకది ఎన్నడూ నచ్చదు. ఇంటి ఖర్చు లెక్క ఆమె దగ్గర ఉన్నది, భయపడే హక్కు ఆమెకు ఉన్నది. ఇద్దరూ కూర్చుని, జీతం ఆగితే ఎన్ని నెలలు గడుస్తుంది, ఏ ఖర్చు తగ్గించవచ్చు, బంగారం మీద అప్పు అవసరమవుతుందా అని కాగితం మీద రాసి చూసుకున్న తర్వాతే యజమాని దగ్గరికి వెళ్లండి. నష్టం కలిగినా మాట తప్పనివాణ్ణి పదిహేనవ కీర్తన మెచ్చుకుంటుంది, కాని ఆ నష్టం మోయవలసినవాళ్లలో ఆమె కూడా ఒకరు కనుక ఆమెను సంప్రదించకుండా తీసుకునే నిర్ణయం సగం నిర్ణయమే.

దశమభాగం సంగతి. పుదీనాలోను సోపులోను జీలకర్రలోను పదియవ వంతు చెల్లించి, న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ విడిచిపెట్టినవాళ్లను యేసు గద్దించాడు. అయితే పదియవ వంతు మానమని ఆయన చెప్పలేదు. వాటిని మానకుండా వీటిని చేయవలసి ఉండిందన్నాడు. కాబట్టి మీరు దశమభాగం ఇవ్వడం తప్పు కాదు, దానితో కౌంటు తప్పును కప్పుతున్నానని ఎక్కడైనా మనసులో అనుకుంటూ ఉంటే ఆ అనుకోవడం తప్పు. తల్లిదండ్రులకు ఇవ్వవలసినదాన్ని దేవునికి అర్పితమని చెప్పి ఎగవేసేవాళ్లను కూడా మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఆయన ఇలాగే నిలదీశాడు. దేవునికి ఇచ్చే కానుక మనిషికి ఉన్న బాకీని రద్దు చేయదు. కొండమీది ప్రసంగంలోనైతే క్రమం కూడా చెప్పాడు: కానుక తెచ్చి బలిపీఠం దగ్గర ఉన్నప్పుడు నీ సహోదరునికి నీ మీద ఏదో విరోధమున్నదని గుర్తుకు వస్తే, కానుకను అక్కడే విడిచి, వెళ్లి, ముందు అతనితో సమాధానపడి, అప్పుడు వచ్చి అర్పించాలి. మీ ప్రార్థన ఎందుకు సాగడం లేదన్నదానికి కారణం వేరే ఎక్కడో వెతకనవసరం లేదు. బల్ల దగ్గర పక్కన కూర్చున్న మనిషి గుర్తుకు వచ్చాడు, మీరు లేచి వెళ్లలేదు, అందుకే ప్రార్థన అక్కడ ఆగి ఉన్నది. ఇంకో ఉపవాసం దాన్ని కదిలించలేదు. ఒక నెలలో దశమభాగం, రైతుకు ఇవ్వవలసిన సొమ్ము రెండూ కుదరకపోతే రైతుకే ముందు ఇవ్వండి, ఎందుకు ఇవ్వలేకపోయారో పాస్టరు గారికి దాచకుండా చెప్పండి.

ఆ రైతుకు చెప్పాలి. ఇందులో నాకు సందేహం లేదు. ఎలా చెప్పాలన్నది మాత్రం కాస్త ఆలోచించుకోండి. మందిరం మెట్ల మీద చేయి పట్టుకొని ఏడవకండి. ఆయన ఇంటికి వెళ్లి, ఆ రోజు చీటీ చూపించి, అసలు కౌంటు ఇది, నేను రాసినది ఇది, తేడా ఇంత, తప్పు నాది అని చెప్పండి. క్షమించన్నా అని వెంటనే అడిగి ఆయనను ఇరుకున పెట్టవద్దు. పేదవాడు పెద్ద ఉద్యోగిని క్షమించలేనని ముఖం మీద అనలేడు, అలా రాబట్టిన క్షమాపణ మళ్లీ ఒక గట్టు మీది ఒప్పుదల అవుతుంది. ఆయన కోప్పడితే పడనివ్వండి. యజమాని దగ్గరికి వెళ్లి అడుగుతానంటే, కౌంటు విషయంలో నిజం చెప్పడానికి మీరు సిద్ధమని ముందే చెప్పండి. ఇందువల్ల ఉద్యోగానికి చిక్కు రావచ్చని తెలిసే ఈ మాట చెబుతున్నాను. అందుకే భార్యతో లెక్క చూసుకోవడం, యజమానితో మాట్లాడడం దీనికి ముందు జరగాలన్నాను.

డబ్బు ఎవరు కట్టాలి? తేడా సొమ్ము మీ జేబులోకి రాలేదు, యజమానికి వెళ్లింది. న్యాయంగా ఆయన కట్టాలి, కట్టమని అడగండి. కట్టకపోతే, మీ కలం లేకుండా ఆ మోసం జరిగేది కాదు కనుక మీరు చేతనైనంత కట్టండి. లూకా సువార్తలో జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు, కాని ఆయన సుంకపు గుత్తదారుడు, ధనవంతుడు. ఆ లెక్క మీ మీద ఎవరూ మోపలేదు. లేవీయకాండం 6వ అధ్యాయం పొరుగువాణ్ణి మోసగించినవాడు అసలు సొమ్ముకు అయిదవ వంతు కలిపి చెల్లించాలనీ, అపరాధ పరిహారార్థబలి తెచ్చే రోజునే అది చెల్లించాలనీ అంటుంది. 30,000 అనుకుంటే 36,000. ఒకేసారి ఇవ్వలేకపోతే నెలకు ఇంతని చెప్పి, చెప్పిన తేదీకి ఇవ్వండి. మీకు వచ్చిన బోనసుల్లో తప్పు కౌంటుకు బహుమానంగా వచ్చినవి ఏవో మీకు తెలిసే ఉంటుంది, వాటితో మొదలుపెట్టండి. ఇన్నేళ్ల పట్టుబడులన్నీ ఒక్కసారి నెత్తికెత్తుకొని కూలబడితే ఎవరికీ న్యాయం జరగదు. పాత చీటీలు ఉన్నంత మేరకు పేర్లు రాసుకోండి. ఎక్కువ నష్టపోయినవాళ్లనూ, అందులోనూ కౌలుకు చేసేవాళ్లనూ ముందు పెట్టండి.

సంఘం ముందు సాక్ష్యం ఇప్పుడే వద్దు. సొమ్ము ఇవ్వకముందు చెప్పిన సాక్ష్యం మీకు మంచిపేరు తెచ్చిపెడుతుంది, రైతుకు ఏమీ తెచ్చిపెట్టదు. కొంతమందికైనా చెల్లించాక, వాళ్లు ఇష్టపడితే అప్పుడు చెప్పండి, అందులో యజమాని పేరు గాని, ఆయనను గుర్తుపట్టే ఆనవాలు గాని రాకూడదు. సండే స్కూలు గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఈ దారిలో నడవాలని నిశ్చయించుకుంటే మానవద్దు. నడవబోనని నిశ్చయించుకుంటే మాత్రం మానేయండి, ఎందుకంటే బోధకులకు తీర్పు కఠినంగా ఉంటుందని యాకోబు పత్రిక 3వ అధ్యాయం హెచ్చరిస్తున్నది, పైగా పిల్లలకు ఊళ్లో సంగతులు మనం అనుకున్నదానికంటే ముందే తెలుస్తాయి.

చివరగా, మీ జాబితాలో పేరున్న రైతు చనిపోయి ఉండవచ్చు, ఊరు వదిలి వెళ్లి ఉండవచ్చు. ఆ సొమ్మును కానుకల సంచిలో వేయవచ్చా అని మీకు తప్పకుండా అనిపిస్తుంది. సంఖ్యాకాండం 5వ అధ్యాయం దానికి ఒక నియమం చెబుతుంది: సొమ్ము పుచ్చుకోవడానికి ఆ మనిషికి దగ్గరి బంధువు ఎవరూ లేనప్పుడే అది యాజకునికి చెందుతుంది. మన పల్లెల్లో బంధువు దొరకని రైతు చాలా అరుదు. కొడుకు చెన్నైలోనో హైదరాబాదులోనో ఉంటాడు, ఫోను నంబరు పక్కింట్లో ఉంటుంది; ముందు అక్కడ అడగండి.